విన్నదే పాడే పిట్ట

"బ్లూ జే అనే పిట్ట గద్ద కూతనే కాపీ చేస్తుంది మమ్మీ. మాకింగ్‌బర్డ్ అయితే చుట్టుపక్కల ఏది వింటే అది నేర్చుకుంటుంది," అంది షారన్, హోంవర్క్ రాస్తూ.

కిటికీ బయట చెట్టు మీద పిట్ట ఈల వేసింది. రెండు పొట్టివి, ఒకటి పొడుగు.

విమలకుమారి చేతిలో గరిటె ఆగింది. భర్త ఆమోసు ఇంటికి రాగానే గుమ్మంలో వేసే ఈల అది. అతని దెబ్బలకు తాళలేక, పిల్లతో క్యారీ నుంచి వెయ్యి మైళ్ల అవతల ఉన్న ఈ ఇర్వింగ్ ఊరికి వచ్చేసి నాలుగు నెలలు. అడ్రస్ ఎవరికీ చెప్పలేదు. ఫోన్ బుక్‌లో పేరు కూడా వేయించలేదు.

"అది జేనా?"

"కాదు, మాకింగ్‌బర్డ్. అచ్చం డాడీలా వేస్తోంది కదా?"

"ఎన్నిసార్లు వింటే నేర్చుకుంటుంది?"

"ఇక్కడ చుట్టుపక్కలే చాలా రోజులు వినాలి, మమ్మీ."

విమలకుమారి స్టవ్ ఆపేసింది.

"షూస్ వేసుకో, తల్లీ."