అందరికీ ఒకటే మెయిల్

"ఏం రాలే నీలా. అన్నీ పనికిరాని మెయిళ్లే," అన్నాడు నెట్ సెంటర్ సైదులు, లోన్లు, లాటరీలు అంటూ వచ్చినవాటిని వరసగా డిలీట్ చేస్తూ.

ఉద్యోగానికి పిలుపు వచ్చిందేమో కనుక్కోవడానికే చివ్వెంల నుంచి నీలా సూర్యాపేట రావడం ఇది నాలుగోసారి.

"జర మంచిగ సూడన్నా. నాతోని అప్లై చేసిన అరుణకు ఇంటర్వ్యూ పిలుపొచ్చిందట."

సైదులు విసుగ్గా స్పామ్ తెరిచాడు. లాటరీల మధ్యలోనే ఉంది, కోదాడ కాలేజీ పంపిన మెయిల్. హాస్టల్ వార్డెన్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ మొన్న సోమవారమే అయిపోయింది. ఇవాళ గురువారం.



"ఏంజెయ్యాలె చెప్పు? మీకెవ్వరికి మెయిలుండది. గీడికొచ్చే అందరి ఫారాలకు నాదే పెడత. రోజుకు రెండొందల మెయిళ్లొస్తయి. ఎన్నని సూడాలె?" అన్నాడు సైదులు, ఆమె వైపు చూడకుండా.

నీలా తిట్టలేదు. కుర్చీ లాక్కుని అతని పక్కన కూర్చుంది.

"నా పేరు మీద ఒక మెయిల్ తెరువన్నా."

సైదులు గబగబా వివరాలు నింపాడు. "పాస్‌వర్డ్ ఏం పెట్టమంటవ్?"

నీలా కీబోర్డు తన ముందుకు జరుపుకుంది.

"గది నేను కొట్టుకుంట. నువ్వు జర అటు తిరుగు."