మసక చుక్క రంగు

“మళ్ళీ సూడు తులసీ. ఆ కొబ్బరిచెట్టుకి ఎడంపక్క. నీలం కనబడతందా లేదా?”

డాబా మీద ఆరిన బట్టలు తీస్తున్న రామతులసికి ఒళ్ళు మండిపోయింది. కింద పొయ్యి మీద పప్పుంది. రైల్వేలో రిటైరైన దగ్గర్నుంచీ మొగుడు సూర్యారావుకి ఈ చుక్కల పిచ్చి పట్టుకుంది. బరంపురంలో ఎంతమంది రిటైరవలేదు? ఎవరి పెళ్ళానికైనా సాయంత్రమయ్యేసరికి ఇలాంటి పరీక్షలున్నాయా?

అయినా తలెత్తి చూసింది. ఆ చుక్క ఎప్పటిలాగే మసగ్గా, నూనె అయిపోతున్న దీపంలా ఉంది.

“పసుపు,” అంది.

“పసుపెలాగవుద్దే? పదివేల డిగ్రీలు దాటిన వేడి దానిది! మన సూరీడికి రెండింతల బరువు. అంత ఇదిగా మండేది నీలి తెలుపే అవుద్ది. దూరం ఎక్కువ గనక మసగ్గా ఉంది గానీ...”

“దాని ఒళ్ళు ముట్టుకుని జొరం సూసొచ్చినట్టు సెప్తారేటండీ! పుస్తకంలో నీలమని రాసుంటే మీకు నీలమే కనబడుద్ది.”

“పుస్తకం కాదు, కళ్ళతో సూస్తన్నాను!”

పొద్దున్న చొక్కా దగ్గరా ఇదే గొడవ. బోరు నీళ్ళకి తెల్లబట్టలు పసుపెక్కిపోతున్నాయని ఈమధ్య ఆమె నీలిమందు కాస్త ఎక్కువే వేస్తోంది. ఇస్త్రీ చేసి చేతికిస్తే, “ఇదేటి, నీలంగా ఉంది?” అన్నాడాయన.

అది గుర్తొచ్చి, “చుక్కా నీలమే, చొక్కా నీలమే! లోకమంతా నీలమాధవుడిలాగే కనబడతందా మీకు?” అని అరిచేసి, అంతలోనే ఆగిపోయింది. స్కూటరేసుకుని చిలకా పక్కనున్న రంభ ఊరి దాకా పోయొచ్చే మనిషి. నిజంగానే కళ్ళకేమైనా అయితే?

కాలేజీలో ఫిజిక్స్ చెప్పే చెల్లెలి కూతురు దివ్యశ్రీకి ఫోన్ చేసి, ఆయన రోజూ చెప్పే ఆ చుక్క పేరు చెప్పి అడిగింది.

“పెద్దనాన్న చెప్పింది నిజమే పెద్దమ్మా. అది నీలి తెలుపు నక్షత్రమే. కాకపోతే అంత మసక చుక్కలో రంగు కనిపెట్టాలంటే కళ్ళు చాలా బాగుండాలి.”

“ఈ వయసులోనా!” అని ఫోన్ పెట్టేసి, తిన్నగా వెళ్ళి స్కూటర్ తాళాలు బియ్యం డబ్బాలో దాచేసింది.

ఇంట్లో మాటల్లేవు. మూడో రోజుకి సూర్యారావే దిగొచ్చాడు.

“తాళాలిస్తావా, ఇవ్వవా?”

“కళ్ళ డాక్టరు సూసి బాగున్నాయంటే ఇస్తాను.”

“సరే, పద. కానీ నేనొక్కడినే సూపించుకోను. నువ్వూ సూపించుకోవాల.”

“నా కళ్ళకేటి రోగం?” అని సణుక్కుంటూనే బయల్దేరింది. ఈ మొండిఘటాన్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టాలంటే వేరే దారి లేదు మరి.

డాక్టర్ రవికాంత్ ఇద్దరి కళ్ళలోనూ మందు చుక్కలు వేయించాడు, లైటు వేసి చూశాడు, ఇద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టాడు.

“శుక్లాలు. బాగా ముదిరి పసుపెక్కిపోయాయి. ఇన్నాళ్ళు ఎలా ఊరుకున్నారు? ఆపరేషన్ చేసెయ్యాలి.”

రామతులసి గెలిచింది. “సూసారా? నెత్తీ నోరూ కొట్టుకుని సెప్పాను. విన్నారా?” అంది. అని మొగుడి వంక తిరిగేసరికి ఆయన ముఖం పాలిపోయి ఉంది. ఆమె కోపమంతా ఎటో పోయింది. మూడు రోజులుగా పట్టుకోని ఆ చేతిని గట్టిగా పట్టుకుంది.

“భయపడకండి, నేనుంటాను గదా. ఆ చుక్క ఏ రంగైతే మనకేటి, మీ కళ్ళు బాగుంటే సాలు.” డాక్టరు వైపు తిరిగింది. “ఈయనకి ఏ రోజు చేస్తారండీ?”

“ఆయనకి కాదమ్మా, మీకు.”