మోగని గజ్జె

"జంతువు కనబడదు. అది నడిచిన తొవ్వ మాత్రం కనబడ్తది. ఎట్ల?" అని అడిగాడు శ్రీపతి.

హర్ష పెన్ను కొరుకుతూ కూర్చున్నాడు. శ్రీపతి రిటైరైన జాగ్రఫీ లెక్చరర్. చిక్కడపల్లిలో ఆయన ఇంటి పైగది కిరాయికి తీసుకుని, అశోక్‌నగర్‌లో సివిల్స్ కోచింగ్‌కు పోతున్నాడు హర్ష. కోచింగ్‌లో అర్థం కానిది సారు భోజనాల బల్ల దగ్గర అర్థమయ్యేది. పైగా ఆయన భార్య విద్యావతి టీ ఇచ్చేది. ఆ ఇంట్లో ఎవరి టీలోనూ చక్కెర ఉండదు, అదొక్కటే బాధ.

చివరికి సారే జవాబు చెప్పాడు. నార్వే కొండల్లో ఒకప్పుడు రెయిన్‌డీర్లనే చలిదేశపు జింకలు గుంపులు గుంపులుగా వలస పోయేవట. ఇప్పుడు కొన్ని లోయల వైపు అవి తొంగి కూడా చూడవు. కానీ పాతకాలపు వేటగాళ్లు తవ్విన గుంతలు, జింకల్ని అటు మళ్లించడానికి పేర్చిన రాళ్ల వరసలు ఇంకా అక్కడే ఉన్నాయట.

"పని లేక ఎవడన్న గుంత తవ్వుతడా? ఉచ్చు ఎక్కడున్నదో చూడు. రోజూ ఆ తొవ్వల తిరిగేదెవరో నీకే తెలుస్తది" అన్నాడు సారు.

పాఠం అయ్యాక మంచినీళ్లకని వంటింట్లోకి వెళ్లిన హర్ష గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. బెల్లం డబ్బా మూతకు దారం, దారానికి ఒక గజ్జె. మూత తీస్తే చాలు, మోగుతుంది.

అక్కణ్నుంచి హర్ష కళ్లు ఊరుకోలేదు. దేవుడి అలమారలో పటికబెల్లం గిన్నె పక్కన ఒక తెగిన దారం. బియ్యం డ్రమ్ము చెవికి పాత ముడి. కుట్టుమిషను సొరుగుకు చిలుము పట్టిన మరో గజ్జె. తీపి దాచే చోటు మారినప్పుడల్లా ఉచ్చు కూడా మారిందన్నమాట. నార్వే దాకా ఎందుకు, అంతా ఈ ఇంట్లోనే ఉంది.

ఆ ఇంట్లో షుగర్ జబ్బు ఉన్న సంగతి హర్షకు తెలుసు. ఈసారి రిపోర్టులో తగ్గకపోతే ఇక మాత్రలు చాలవని, రోజూ ఇన్సులిన్ సూది తప్పదని డాక్టరు తేల్చి చెప్పాడు. సూది మాటెత్తితే చాలు, భార్యాభర్తలిద్దరి ముఖాలూ మాడిపోయేవి.

హర్షకు సారంటే ప్రాణం. జడ్చర్లలో వాళ్ల నాన్నదీ ఇదే కథ. షుగర్ వచ్చిన మొగుడు, కాపలా కాసే పెళ్లాం. ఏ ఇంట్లో లేదు కనుక! కాకపోతే నాన్న అమాయకుడు, బెల్లం ముక్క లుంగీలో కట్టుకుని దొరికిపోతాడు. కుట్టుమిషను సొరుగులో దాచుకోవాలంటే మాత్రం సారంత బుర్ర ఉండాలి.

గజ్జె వైపు అతను చూస్తూ ఉండగా వెనకాలే వచ్చిన శ్రీపతి నిట్టూర్చాడు. "ఇంటి దొంగను ఈశ్వరుడు గూడ పట్టలేడయ్యా."

తన గురించి తానే ఎంత దర్జాగా చెప్పుకుంటున్నాడో అని హర్ష నోరు తెరిచాడు.

మర్నాడు సారు పాల ప్యాకెట్లకు వెళ్లిన సమయం చూసి విద్యావతి అతన్ని పిలిచింది. వచ్చేటప్పుడు నారాయణగూడలో జిలేబి పట్టుకురమ్మంది. సారుకు చెప్పొద్దంది.

"జిలేబి ఎందుకు ఆంటీ?"

ఆమె గజ్జె వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "ఎర లేని ఉచ్చుల ఏం పడ్తది, బిడ్డా?"

ఆహా, ఆడవాళ్ల తెలివే తెలివి అనుకున్నాడు హర్ష. సాయంత్రం జిలేబి తెచ్చి ఇచ్చాడు. తెల్లారేసరికి జిలేబి లేదు.

"పడ్డదా ఆంటీ?"

"ఎర పోయింది గని గజ్జె మోగలే" అని విద్యావతి విచారంగా తల ఊపింది.

జిలేబికి లొంగని జంతువు బాదుషాకు లొంగుతుందేమో చూద్దామంది. బాదుషా కూడా పోయింది, గజ్జె మోగలేదు. హర్షకు పట్టుదల పెరిగింది. క్లాసు ఎగ్గొట్టి మరీ సుల్తాన్ బజార్ దాకా వెళ్లి, నెయ్యి కారే మైసూర్‌పాక్ తెచ్చాడు. సారును సూది నుంచి కాపాడాలంటే ఆ మాత్రం కష్టపడాలి మరి.

అదీ పోయింది.

ఆదివారం పొద్దున శ్రీపతి హిమాయత్‌నగర్ నుంచి రిపోర్టుతో వచ్చాడు. షుగర్ తగ్గకపోగా ఎగబాకింది. ఆయన చేతి సంచిలోంచి ఇన్సులిన్ సీసా, సూదులు, దూది బల్ల మీదికి వచ్చాయి. విద్యావతి ముఖం పాలిపోయింది.

హర్ష గబగబా బల్ల దగ్గరికి వచ్చాడు.

"సార్, తప్పు నాది. ఆ తీపంతా నేనే తెచ్చిన. ఉచ్చుల ఎర పెడ్తమని."

శ్రీపతి కళ్లద్దాలు తీశాడు. "ఎరనా? ఏమేం తెచ్చినవ్?"

"జిలేబి, బాదుషా... మైసూర్‌పాక్."

"మైసూర్‌పాక్ గూడనా?"

విద్యావతి మాత్రం కిటికీలోంచి ఎదురింటి మేడ మీద ఆరేసిన బట్టల్ని మహా శ్రద్ధగా చూస్తోంది.

ఇంకెప్పుడూ తేనని హర్ష ఒట్టు వేశాడు. సూది చూసే ధైర్యం లేక కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

శ్రీపతి నవ్వు ఆపుకుంటూ సూదిలోకి మందెక్కించి, "ఇటు తిరిగి చెయ్యి చాపు, విద్యా" అన్నాడు.