ముసలి జిరాఫీ దాహం

చిలకమ్మ అనే ముసలి జిరాఫీకి మెడ నరాలు మొద్దుబారాయి. నీళ్లకు వంగి తల ఎత్తితే రక్తపోటు పడిపోయి కుప్పకూలేది. అందుకే రెండేళ్లుగా జూ కాపరి సైదులు నిచ్చెనెక్కి బకెట్ అందిస్తున్నాడు. అది తాగేదాకా, రాత్రి కూర మాడిన సంగతి కూడా చెప్పేవాడు. ఇంట్లో వినేవాళ్లెవరూ లేరు.

ఈ ఉదయం దాని మెడలో, మొద్దుబారిన నరాల పని చేస్తూ రక్తపోటు పడిపోకుండా చూసే చిప్ పెట్టారు.

"ఈ రోజుల్లో మనుషులందరి ఒంట్లో ఉన్న చిప్పేగా. నువ్వు నిచ్చెన దిగు," అంది జూ డాక్టర్ ప్రణీత.

"పడితే మళ్లీ లేవదు మేడమ్."

చిలకమ్మ ముంగాళ్లు ఎడంగా చాపి తొట్టిలో తాగింది. తల ఎత్తింది. పడలేదు. చెట్ల వైపు నడిచిపోయింది.

"దానికిక నీ అవసరం లేదు సైదులూ."

"దానికి లేదు మేడమ్," అన్నాడు సైదులు, నిండు బకెట్‌తో నిచ్చెన మీదే నిలబడి.