పిల్లల వాసన

"ఈ పెట్టెలో ఒక్క పిల్లపురుగూ లేదుగా. మరి ఈ ఈగలు ఎవరి కోసం మోస్తున్నాయండీ అంత పుప్పొడి?" భార్య అడిగింది.

అందరూ పెట్టెలాయన అని పిలిచే ఆ తేనెటీగల పెంపకందారు మూత ఎత్తి, చట్రాల మధ్య వేలాడుతున్న సన్నటి పట్టీని చూపించాడు.

"దీనికి పిల్లపురుగుల వాసన పట్టించారు. అది తగిలితే చాలు, ఇంట్లో పిల్లలు ఆకలితో ఉన్నాయనుకుంటాయి. ఇక ఒళ్లు దాచుకోవు."

పెట్టె గుమ్మానికి బిగించిన జల్లెడలోంచి ఈగలు దూరుతున్నాయి. కాళ్లకంటిన పుప్పొడి రాలి కింది పళ్లెంలో పడుతోంది. దాన్ని ఎండబెట్టి, చెత్త ఏరి, సీసాలకెత్తడం ఆమె వంతు. ఇద్దరు కూలీల పని ఒక్కతే లాక్కొస్తోంది. మనిషిని పెట్టుకుందామంటే ఆమే ఒప్పుకోదు, ఆ డబ్బు రేపెప్పుడో పుట్టే పాపకు ఉంటుందని.

"పాపం కదండీ, లేని పిల్లల కోసం..."

"పాపమేముంది? సంతోషంగానే చేస్తున్నాయి."

ఆమె పళ్లెం లాగుతూ, తల ఎత్తకుండానే చెప్పింది. "ఈసారీ నెల తప్పలేదండీ. లోపం నాలోనే ఉందేమో."

"ఆ మాట అనొద్దన్నానా? నేనెప్పుడైనా నిన్ను ఒక్క మాటన్నానా?"

నిజమే, అనలేదు. పెళ్లయి ఆరేళ్లయినా పల్లెత్తు మాటనలేదు. "ఇంకొకడైతే ఈపాటికి ఇంకో పెళ్లికి తయారయ్యేవాడు. నీ మొగుడు బంగారమే" అని పక్కింటావిడ ఊరికే అనదు.

ఆ సాయంత్రం అతను బజారు నుంచి ఒక పొట్లం తెచ్చాడు. అరచేతిలో ఇమిడిపోయే ఎర్ర బూట్లు. ఆమె మంచం పక్క మేకుకు, నిరుడు తెచ్చిన చిన్న టోపీ పక్కనే తగిలించాడు.

"మన పాప బడికెళ్లేనాటికి ఇంకో యాభై పెట్టెలు పెంచాలి. దాని కాలు కింద పెట్టనివ్వను, చూస్తుండు."

ఆమె మొహం విప్పారింది. బూట్లను ఒకసారి చెంపకు ఆనించుకుంది. పొద్దుటి నుంచి పీకుతున్న నడుం నొప్పి ఎటు పోయిందో, చేతులు తుడుచుకుని మళ్లీ పుప్పొడి పళ్లేల దగ్గరికి వెళ్లి కూర్చుంది.

అతను గుమ్మానికి ఆనుకుని, ఆ చేతుల చురుకు చూస్తూ నిలబడ్డాడు.

పిల్లల బెడద తనకొద్దని, పెళ్లికి ఏడాది ముందే గుట్టుగా ఆపరేషన్ చేయించుకున్న అతనికి, ఆ బూట్ల ఖరీదు ఏమాత్రం ఎక్కువనిపించలేదు.