కొనని మనిషి

శనివారం పొద్దున హన్నా మెయిల్ పంపింది.

"ఈ వారమంతా మబ్బు. మిరపకాయలు ఎండలేదు. పిల్లి వచ్చి చాప మీదే పడుకుంటోంది. కరివేపాకు పొడి మాత్రం ఘుమఘుమలాడుతోంది. కావలసినవాళ్ళు ఫోన్ చేయండి."

పొయ్యి మీద టీ మరగకముందే జవాబు వచ్చింది.

"అందిందమ్మా. పిల్లిని తరమకండి, పాపం."

ఎడ్విన్. బొల్లారంలో ఏదో మందుల కంపెనీ. చర్చి పండుగకు హన్నా స్టాల్ పెట్టినప్పుడు మెయిల్ చిరునామా రాసి వెళ్ళినవాళ్ళలో ఒకరు. ముఖం కూడా గుర్తులేదు.

హన్నా పటాన్‌చెరులో కిరాయి గదిలో ఒక్కతే ఉంటుంది. ఒక ఫ్యాక్టరీ ప్యాకింగ్ సెక్షన్‌లో పని మానేసి కారప్పొడులు మొదలుపెట్టింది. ఇది నడవకపోతే మళ్ళీ వెళ్ళి ఆ ప్యాకింగ్ బల్ల దగ్గరే నిలబడాలి.

ఆ గదిలో ఆమెను పలకరించేది ఆ జవాబొక్కటే. కానీ ఆమె తిరిగి ఏమీ రాసేది కాదు. ఏం రాయాలో తెలిసేది కాదు.

పక్కింటి జెన్నిఫర్ వదిన ఫోన్‌లోకి తొంగిచూసింది.

"ఏందే, మళ్ళ గాయనేనా? పొడి కొంటడా, పిల్లిని కొంటడా?"

"ఊకో వదినా."

"ఒక్కనాడన్న ఒక్క ప్యాకెట్ తీసుకున్నడా?"

హన్నా ఫోన్ బోర్లించింది. నిజమే, ఆయన ఒక్కటీ తీసుకోలేదు.

చిన్న వ్యాపారాలవాళ్ళకు మెయిల్‌తో అమ్మడం నేర్పే శ్రీధర్ కూడా అదే అన్నాడు. ఆమె ఫోన్‌లో పేర్లన్నీ పైకీ కిందికీ జరిపి చూశాడు.

"అక్కా, ముచ్చట్లు మంచిగ రాస్తున్నవు. ఊకె కొనుండ్రి కొనుండ్రి అంటే ఎవ్వరు సదువరు. కని లిస్టు సాఫ్ చెయ్యాలె. కొననోళ్ళకు పంపుకుంట పోతే కొనేటోళ్ళకు పోయేది గూడ చెత్తల పడ్తది."

"ఈయన వారం వారం చదువుతడు తమ్మీ."

"సదివితే నీ యాపారం నడుస్తదా? టైంపాస్ మనిషి. తీసెయ్."

"జవాబు గూడ ఇస్తడు..."

"జవాబులు అమ్ముకుంటవా అక్కా?"

హన్నా నవ్వింది. నవ్వుతూనే వేలు పెట్టింది. ఎడ్విన్ పేరు మాయమైంది.

తర్వాతి శనివారం మెయిల్ పంపింది. టీ మరిగింది. చల్లారింది. ఫోన్ మెదలలేదు.

సోమవారం ఒకటి వచ్చింది.

"ఈసారి రాలేదమ్మా. ఒంట్లో బాగుందా?"

"బాగున్నాను" అని టైపు చేసింది. వదిన నవ్వు గుర్తొచ్చింది. చెరిపేసింది.

ఆయన మళ్ళీ రాయలేదు.

ఆ తర్వాతే ఇంకొకటి జరిగింది. శనివారం సాయంత్రాలు బొల్లారం నుంచి వరసగా వచ్చే ఫోన్లు ఆగిపోయాయి. "అక్కా, నాకు పల్లీ పొడి", "నాకు ఎల్లిపాయ కారం" అని అడిగే ఆడవాళ్ళు. వాళ్ళ ప్యాకెట్లు షేర్ ఆటో యాదన్నతో వాళ్ళ కంపెనీ గేటుకు పంపేది. తన సంగతి వాళ్ళకెవరు చెప్పారో ఎప్పుడూ అడగలేదు. కంపెనీ బస్సు ఆగేచోట తాను అంటించిన కాగితం పుణ్యమే అనుకునేది.

డబ్బాలు నిండుగా అలాగే ఉండిపోయాయి. హన్నా ప్యాకింగ్ సూపర్‌వైజర్ నంబరు వెతికి పెట్టుకుంది.

ఆఖరి ప్రయత్నంగా కొత్త కాగితాలు పట్టుకుని బస్సు ఆగేచోటికి వెళ్ళింది.

పాత కాగితం కనబడలేదు. దాని మీద ట్యూషన్ పోస్టర్. ఆ పోస్టర్ మీద కిరాయి గదుల పోస్టర్. అదీ ఎండకు వెలిసిపోయింది.

డ్యూటీకి వెళ్ళే ఒకావిడ దగ్గరికొచ్చింది.

"ఏం కాయితం చెల్లె?"

"కారప్పొడులక్కా. నా పేరు హన్నా."

"మిరపకాయల సాప మీద పిల్లి పండుకుంటది, గా హన్నానా? నేను మల్లవ్వను! పల్లీ పొడి మల్లవ్వను! నీ పానం మంచిగైందా?"

"నాకేమైంది?"

"సుస్తయిందేమో అన్నడు ఎడ్విన్ సార్. నువ్వు రాసుడు బందయింది గద. బస్సుల అందరినీ మీమీ దేవుళ్ళకు మొక్కుండ్రి అన్నడు."

"ఏ బస్సుల?"

"మా కంపెనీ బస్సే. శనివారం షిఫ్టు ఇడిసినంక సార్ లేసి నిలవడి నువ్వు రాసింది సదువుతుండె. మాకు మెయిల్ గియిల్ యాడివి? పిల్లి ముచ్చటకు బస్సంత నవ్వుడే. నీ నంబరు గూడ మా ఫోన్లల్ల ఆయనే కొట్టి ఇస్తుండె. 'ఒక్కతే కష్టపడ్తున్నది, తీసుకోండమ్మా' అంటుండె."

హన్నా బస్సు వచ్చే దారి వైపు చూసింది.

"సార్ ఇప్పుడు వస్తడా, ఈ బస్సుకు?"

"యాడొస్తడు? పోయిన నెల రిటైరయిండు. ఏ ఊరు పోయిండో ఎవ్వరికెరుక? ఫోన్ గూడ కంపెనీదే, వాపస్ ఇచ్చిండు. ఆయన గూడ ఒక్కడే ఉంటుండె."

హన్నా అక్కడే నిలబడి ఎడ్విన్ పేరు మళ్ళీ చేర్చింది.

"బాగున్నాను సార్. మీరెలా ఉన్నారు?"

పంపింది. మెయిల్ వెంటనే తిరిగొచ్చింది. ఆ చిరునామా ఇప్పుడు లేదు. ఉద్యోగంతో పాటే కంపెనీ దాన్నీ మూసేసింది.

"ఏమన్నడు?" మల్లవ్వ ఆత్రంగా అడిగింది.

"పోలేదక్కా."

బస్సు వచ్చి ఆగింది. అందరూ ఎక్కుతున్నారు. హన్నా మల్లవ్వ చెయ్యి పట్టుకుంది.

"అక్కా, జెర ఆగు. సార్‌కు ఏ పొడి ఇష్టం? మంచిగ చేసి నీ దగ్గర పెడ్త. ఎప్పుడన్న కనవడితే ఇయ్యి."

మల్లవ్వ బస్సు మెట్టు మీద నుంచి వెనక్కి తిరిగింది.

"పొడా? కడుపు ఆపరేషనైనకాడికెల్లి సార్ కారం నాలిక మీద పెట్టలే చెల్లె."