లోపల వేడెంత?

“నీ డ్రైవర్ దొంగచాటుగా నా సెన్సార్ మీద చెయ్యేస్తోందోయ్!” అన్నాడు బావ, కూర గిన్నె తనవైపు లాక్కుంటూ.

“అది నీ సొంత ఆస్తా బావా? మీ ఫర్మ్‌వేర్‌కి వేడి చూడ్డం చేతనైతే మేమెందుకు చెయ్యేస్తాం?” అన్నాడు తమ్ముడు, గిన్నె ఇటు లాక్కుంటూ.

మధ్యలో కూర్చున్న అక్క గిన్నె లాగేసుకుని ఇద్దరికీ చెరో గరిటె వడ్డించింది. ఒకాయన కట్టుకున్నవాడు, ఇంకొకడు తోడబుట్టినవాడు. ముగ్గురిదీ ఒకే కంప్యూటర్ల కంపెనీ. ఆదివారమైనా ఇంట్లో ఆఫీసు గోలే.

మీట నొక్కగానే అన్నిటికంటే ముందు నిద్రలేచి ఇల్లు చక్కబెట్టే ప్రోగ్రామ్ ఫర్మ్‌వేర్. దాన్ని రాసేది కింది అంతస్తులో ఉండే బావ విభాగం. తర్వాత లేచి లోపల వేడెంత, ఫ్యాను తిరుగుతోందా లేదా అని కాపలా కాసేది డ్రైవర్. దాన్ని రాసేది పై అంతస్తులో ఉండే తమ్ముడి విభాగం. రెండింటికీ మధ్య అంతస్తులో, సామాను కొనే విభాగంలో అక్క పెద్ద దిక్కు.

వేడెంతో తెలియాలంటే రెండు ప్రోగ్రాములూ పెట్టెలో ఉన్న సెన్సార్ చిప్‌నే అడగాలి. చిక్కంతా అక్కడే వచ్చిపడింది. కొత్త మోడల్‌లో ఫర్మ్‌వేర్ అడిగితే ఎప్పుడూ ముప్పై ఎనిమిదే. డ్రైవర్ అడిగితే ఒకసారి తొంభై, ఇంకోసారి నూట ఇరవై. కొంప అంటుకుందనుకుని డ్రైవర్ మిషన్‌ని ఠక్కున ఆపేస్తోంది. కొన్నవాళ్లలో ఒకరికి బిల్లు కొడుతుండగా, ఇంకొకరికి పరీక్ష రాస్తుండగా తెర నల్లబడుతోంది. తిట్లు మాత్రం కంపెనీకి తెల్లారకుండానే మొదలవుతున్నాయి.

“మేం అడుగుతుంటే మీరు మధ్యలో దూరిపోతున్నారు. అది మాత్రం ఏం చేస్తుంది, తికమకపడి నోటికొచ్చింది చెబుతోంది” అని బావ వాదన.

“మీరు ఫోను పెట్టేస్తే కదా మేం మాట్లాడేది!” అని తమ్ముడి వాదన.

కిందివాళ్లు, పైవాళ్లు ఒకే లిఫ్టు ఎక్కడం మానేశారు. కంపెనీ ఒక కమిటీ వేసింది. ఆ కమిటీ సరిగ్గా పనిచేస్తోందా అని చూడ్డానికి ఇంకో కమిటీ వేసింది. రెండింటికీ మీటింగు గది ఒక్కటే కావడంతో, ఎవరు ముందు కూర్చోవాలో తేల్చుకోలేక రెండూ గుమ్మంలోనే ఆగిపోయాయి.

చివరికి పెద్దసారు బల్ల గుద్దారు. “నెలాఖరులోగా తప్పెవరిదో తేలాలి. తప్పు ఎవరిదైతే ఆ విభాగం ఎత్తేస్తాను.”

తమ్ముడికి ఆ రోజు నుంచి అన్నం సయించలేదు. ఓడితే తన ఉద్యోగం పోతుంది. గెలిస్తే అక్క మొగుడిది పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పోనీ నూతిలోకే దూకుదామంటే అందులో ఇప్పటికే బావ ఉన్నాడు.

ఇక లాభం లేదని ఒక మిషన్ తెచ్చుకుని, పెట్టె విప్పి చూద్దామని స్క్రూడ్రైవర్ పట్టుకున్నాడు. ఎవరు చెప్పారో ఏమో, అక్క ఆఘమేఘాల మీద వచ్చేసింది.

“ఒక్క స్క్రూ కదిలినా గ్యారంటీ పోతుందిరా. తర్వాత కొత్త బోర్డు కావాలంటే నేను సంతకం పెట్టను.”

“తమ్ముణ్నే అక్కా! నాక్కూడానా?”

“తమ్ముడైతే ఏంటి, రూలు రూలే. ప్రోగ్రాములు రాసేవాడివి, మెకానిక్ పనులు నీకెందుకు?”

తమ్ముడి మనసు చివుక్కుమంది. పొద్దునే బావని కూడా ఇదే మాటతో తిప్పిపంపిందని తెలిశాక కొంచెం కుదుటపడ్డాడు.

మర్నాడు అక్క ఇద్దర్నీ క్యాంటీన్‌లో ఎదురెదురుగా కూర్చోబెట్టింది.

“లేనిపోనిదాని కోసం ఇద్దరూ కొట్టుకుచస్తున్నారు. నా మాట వినండి. వంతులేసుకోండి. ఓ నిమిషం మీ బావ అడుగుతారు, ఓ నిమిషం నువ్వు. వచ్చిన రెండంకెలూ కలిపి సగం చేసి తెరమీద చూపించండి. ఫ్యాను మాత్రం ఎప్పుడూ ఫుల్లుగా తిరగనివ్వండి.”

“వేడి లేనప్పుడు కూడానా? కరెంటు దండగ కదే!” అన్నాడు బావ.

“తిరగనివ్వండి. మీ సొమ్మేం పోయింది?”

తమ్ముడికి మింగుడుపడలేదు. “సగం చేస్తే అది నిజం వేడి ఎలా అవుతుందక్కా?”

“ఇద్దరూ ఒప్పుకున్నదే నిజంరా. మీ బావా నేనూ సంసారం ఎలా చేస్తున్నామనుకున్నావు?”

బావ తల దించుకుని టీ తాగాడు.

వేరే దారి లేక ఇద్దరూ అలాగే చేశారు. ఆశ్చర్యం! మిషన్లు ఆగడం మానేశాయి. తెరమీద వేడి డెబ్బైకి అటూ ఇటూ బుద్ధిగా ఊగుతోంది. తిట్లు ఆగాయి. పెద్దసారు పొంగిపోయి, ఈ పద్ధతికి ‘ఉష్ణ సామరస్య విధానం’ అని పేరు పెట్టారు. దాని మీద గంటసేపు ఉపన్యాసం ఇచ్చారు. రెండు విభాగాలూ నిలబడ్డాయి. రెండు కమిటీలూ ఒకేసారి గదిలోకి వెళ్లి, ఒకరినొకరు అభినందించుకుని వచ్చాయి. బావా బావమరుదులు భుజాల మీద చేతులేసుకుని ఫొటో దిగారు.

సభ అయ్యాక వరండాలో తమ్ముడు అక్క చెయ్యి పట్టుకున్నాడు.

“రెండు కొంపలు నిలబెట్టావక్కా! ఇంతమంది ఇంజనీర్లకి తట్టనిది నీకెలా తట్టింది?”

అక్క అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

“ఏం చెయ్యనురా మరి, ఖర్చు తగ్గించమని పెద్దసారు పీక మీద కూర్చుంటే, ఆ మోడల్‌కి అసలు సెన్సార్లే కొనకుండా మానేసింది నేనేగా!”